పీడీఎఫ్‌ని స్లైడ్లు చెయ్యమంటే వత్తులు ఊడిపోతున్నాయి

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘం ఆఫీసులో పని చేస్తున్నాను. మిర్చి సాగు మీద మా సంఘం నాలుగేళ్ల కిందట వేయించిన 38 పేజీల పుస్తకం పీడీఎఫ్‌గా నా దగ్గర ఉంది. వచ్చే గురువారం ప్రత్తిపాడు దగ్గర ఒక ఊళ్లో రైతులకు శిక్షణ పెట్టారు. "దీన్ని పీపీటీ చేసి పెట్టమ్మా, ఒక్క క్లిక్కు పనే కదా" అన్నారు మా సార్. ఆన్‌లైన్‌లో రెండు సైట్లలో వేసి చూశాను. ఒకదాంట్లో 38 బొమ్మలు వచ్చాయి, ఒక్క అక్షరం మార్చడానికి లేదు. రెండోదాంట్లో తెలుగంతా కొమ్ములున్న ఇంగ్లిష్ అక్షరాలైపోయింది. చివర కొన్ని పేజీల్లో మాత్రం తెలుగే వచ్చింది గానీ వత్తులు ఊడి పక్కన పడ్డాయి. డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే చెప్పండి, మా వాళ్లతో కొనిపిస్తాను. చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ సార్ మీద కోపం తెచ్చుకోకండమ్మా. పీపీటీని పీడీఎఫ్ చెయ్యడం నిజంగానే ఒక్క క్లిక్కు పని. వెళ్లినంత సులువుగా తిరిగి రావచ్చని ఎవరైనా అనుకుంటారు. గుంటూరు వాళ్లకు ఇది చెప్పడం తేలిక. ఎండు మిరపకాయలు మర పట్టిస్తే కారం వస్తుంది. ఆ కారాన్ని మళ్లీ మరలో పోస్తే కాయలు రావు.

డబ్బు పెట్టి ఏమీ కొనకండి. ఈరోజు మీరు చెయ్యాల్సింది ఒక ఫోన్. ఆ పుస్తకం ఏ డీటీపీ సెంటర్లో చేయించారో మీ ఆఫీసులో పాత బిల్లు చూస్తే తెలుస్తుంది. అక్కడికి ఫోన్ చేసి "పీడీఎఫ్ ఉందా" అని అడగకండి, అది మీ దగ్గర ఉన్నదే. "పేజ్‌మేకర్ ఫైలు ఉందా, మేము మొదట ఇచ్చిన వర్డ్ ఫైలూ ఫొటోలూ ఉన్నాయా" అని అడగండి. పేజ్‌మేకర్ అంటే పుస్తకం పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్. నేనూ విజయవాడ గవర్నర్‌పేటలో పదకొండేళ్లు డీటీపీ చేసినవాణ్ణే. మా వాళ్లు కస్టమర్ పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకుంటారు, హార్డ్ డిస్క్ నిండితే ఇంకోటి కొంటారు గానీ పాతది పారెయ్యరు. నాలుగేళ్లంటే నిన్నటి లెక్క. ఆపరేటర్ మానేసి ఉంటాడు, ఫైలు మాత్రం ఉంటుంది. దొరికితే మీ పని సగం అయిపోయినట్టే. పురుగుల ఫొటోలు కెమెరాలోంచి వచ్చినంత పెద్దవిగా దొరకడం అన్నిటికంటే పెద్ద లాభం. పీడీఎఫ్‌లోకి వెళ్లేటప్పుడు వాటిని మామూలుగా కుదించేస్తారు.

దొరకలేదనుకుందాం. అప్పుడు చెయ్యాల్సింది చెప్పేముందు పీడీఎఫ్ లోపల ఏముంటుందో కాస్త చెప్పాలి, లేకపోతే మీకు జరిగింది అర్థం కాదు. 1993లో అడోబీ వాళ్లు దీన్ని తెచ్చింది ఒకే అవసరం కోసం. ఎవరి కంప్యూటర్లో తెరిచినా, ఏ ప్రింటర్లో తీసినా పేజీ ఒక్కలాగే రావాలి. 2008 నుంచి ఇది అంతర్జాతీయ ప్రమాణం కూడా. అందుకని అందులో పేరా అనే మాట ఉండనక్కర్లేదు, పట్టిక అనే మాటా ఉండనక్కర్లేదు. "ఈ ఫాంట్‌లో ఈ బొమ్మని ఎడమ నుంచి ఇంత, కింద నుంచి ఇంత దూరంలో పెట్టు" అని వరసగా ఆజ్ఞలుంటాయి. పట్టిక అంటే కొన్ని గీతలు, వాటి మధ్య కొన్ని అంకెలు. ఆ అంకెలకీ గీతలకీ సంబంధం ఉందని మన కంటికి తెలుస్తుంది, ఫైలుకు తెలియదు. కన్వర్టర్ చేసేది ఊహించడం. దగ్గరదగ్గరగా ఉన్న అక్షరాలు కలిపి ఒక వరస అనుకుంటుంది, ఒక్కో వరసకీ ఒక్కో టెక్స్ట్ బాక్స్ పెడుతుంది. పేజీకి ముప్ఫై వరసలుంటే స్లైడు మీద ముప్ఫై డబ్బాలు. ఒక మాట చేరిస్తే కింది డబ్బా జరగదు, రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

ఇక మీ పుస్తకం సంగతి. మీరు రాసిన లక్షణాలు చూస్తే అది కనీసం రెండు రకాల పేజీలు ఒకచోట కుట్టినది, స్కాన్ చేసిన పేజీలు కూడా ఉండొచ్చు. పరీక్షించడానికి నోట్‌ప్యాడ్ చాలు. ఒక్కో అధ్యాయంలో ఒక వరస మౌస్‌తో పట్టి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్యండి. అసలు వరస పట్టుబడకపోతే అది స్కాన్ చేసిన పేజీ, అంటే ఫొటో. పట్టుబడి కొమ్ములూ టోపీలూ ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు పడితే అది అనూ లాంటి పాత తెలుగు ఫాంట్. తెలుగే పడితే యూనికోడ్, అంటే ఏ కంప్యూటర్లోనైనా తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే గుర్తించే పద్ధతి. అడోబీ రీడర్‌లో ఫైల్ మెనూలో ప్రాపర్టీస్ తెరిచి ఫాంట్స్ చూసినా పేర్లు కనబడతాయి. గౌతమి, నిర్మలా, నోటో లాంటివి ఉంటే యూనికోడ్ అన్నమాట.

అనూ పేజీలు ఎందుకు అలా వచ్చాయంటే, ఆ ఫాంట్లలో 'క' అనేది కంప్యూటర్ దృష్టిలో 'క' కాదు. యూరప్ భాషల్లో వాడే ఏదో అక్షరం గదిలో 'క' బొమ్మ గీసి పెట్టారు. ఫాంట్ ఉన్నంతసేపూ మనకు తెలుగు కనబడుతుంది. ఫాంట్ తీసేస్తే ముసుగు తీసినట్టు అసలు అక్షరం బయటపడుతుంది. తప్పుపట్టాల్సిన పనేమీ లేదు, యూనికోడ్‌లో తెలుగు వత్తులు సరిగ్గా కనబడని రోజుల్లో తెలుగు అచ్చు అంతా నడిచింది వీటి మీదే. పేజ్‌మేకర్‌లో 2001లో వచ్చిన 7.0 ఆఖరిది, అయినా మన ప్రెస్సుల్లో ఆ జోడీ ఇంకా కదలలేదు.

ఈ పేజీలకు అనూ నుంచి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, చాలా డీటీపీ సెంటర్లలోనే దొరుకుతాయి. కాపీ చేసిన ఆ కొమ్ముల అక్షరాలు అందులో పోస్తే తెలుగు వస్తుంది. ఒక్క చిక్కు. ఇంగ్లిష్‌లో ఉన్న మందుల పేర్లు కూడా అందులో పడితే, కన్వర్టర్ వాటినీ అనూ అనుకుని తెలుగు చేసేస్తుంది, నోరు తిరగని మాటలు వస్తాయి. అలాంటివి ముందే తీసి పక్కన పెట్టుకుని, తర్వాత చేత్తో టైపు చెయ్యండి.

వత్తులు ఊడిన పేజీలు నిజానికి మీకున్నవాటిలో మంచివి. అవి యూనికోడ్ పేజీలు. తప్పు ఎక్కడ జరుగుతుందో ఒక మాట దగ్గరగా చూద్దాం. 'మిర్చి' అని టైపు చేసినప్పుడు వరస ఇది: మి, ర, పొల్లు, చ, గుడి. కానీ అచ్చులో గుడి చకారం మీద ఉండదు, రకారం మీద ఉంటుంది, చకారం వత్తుగా కిందికి దిగుతుంది. పీడీఎఫ్‌లో ఉండేది ఈ అచ్చు వరసే. ముందు 'రి' బొమ్మ, తర్వాత 'చ' వత్తు బొమ్మ. కన్వర్టర్ బొమ్మల్ని అదే వరసలో ఏరుకుంటే వచ్చేది 'మిరి్చ'. 'ఖర్చు' అలాగే 'ఖరు్చ' అవుతుంది. 'పద్ధతి'కి మాత్రం ఏమీ కాదు. ఎందుకంటే అక్కడ వత్తున్న అక్షరానికి గుడీ కొమ్మూ లేవు, ఉత్త తలకట్టు. ఈ కిటుకు తెలిస్తే మొత్తం మళ్లీ టైపు చెయ్యక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి 'మిరి్చ' బదులు 'మిర్చి' పెట్టండి, పుస్తకమంతా ఒక్క దెబ్బకి సరవుతుంది. మిర్చి పుస్తకం కదా, అందులో ఆ మాట ఎన్నిసార్లు ఉంటుందో మీకే తెలుసు. మిగతావి కూడా పాతిక ముప్ఫై మాటలే తిరిగి తిరిగి వస్తుంటాయి.

స్కాన్ పేజీలకు ఓసీఆర్ కావాలి, అంటే బొమ్మలోంచి అక్షరాలు చదివేది. గూగుల్ డ్రైవ్‌లో ఫైలు పెట్టి, దాని మీద రైట్ క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు కూడా చదువుతుంది, ఖర్చు లేదు. ఫైలు చిన్నదిగా ఉంటే మంచిది కాబట్టి ఆ పేజీలు విడిగా తీసి రెండేసి మూడేసి వెయ్యండి. తెలుగు బాగానే చదువుతుంది, మసకగా ఉన్న చోట తప్ప. 'ప'కీ 'వ'కీ తేడా అంతా తలకట్టు దగ్గరున్న చిన్న సందే. అచ్చులో సిరా అలుక్కుని ఆ సందు పూడిందా, మీ 'పంట మార్పిడి' 'వంట మార్పిడి' అయిపోతుంది. ఇలాంటివి చూసి నవ్వుకుని దిద్దుకోవచ్చు. నవ్వలేనివి అంకెలు.

ఇది నా అనుభవం. రెండేళ్ల కిందట బెజవాడలో ఒక ఎరువుల డీలరు ధరల పట్టిక స్కాన్ ఇచ్చి స్లైడ్లు అడిగారు. తొందరలో ఓసీఆర్ చేసి, మాటలన్నీ దిద్ది, అంకెలు పైపైన చూసి ఇచ్చేశాను. డీఏపీ బస్తా 1,350 అన్నది 1,850గా పడింది. ఆయన మీటింగ్‌లో అది తెర మీద వేశారు. "ఏంటయ్యా, నిలబెట్టి బస్తాకి ఐదొందలు పెంచేశావు" అని అక్కణ్నుంచే ఫోన్. తప్పు నాదే. 3కి ఎడమ పక్కన మచ్చ ఉంటే అది 8గా చదువుకుంది, నేను చూడలేదు. ధర కాబట్టి హాల్లో ఎవరో ఒకరు పట్టుకున్నారు. మీ పుస్తకంలో మందు మోతాదులుంటాయి. లీటరు నీటికి 0.3 మిల్లీలీటర్లు అన్నచోట సున్నా, చుక్క ఎగిరిపోతే 3 మిగులుతుంది. పదింతలు. ఆ అంకె తెర మీద ఉంటే రైతు ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్లి కొట్టేస్తాడు.

అందుకని మోతాదుల పట్టిక మాత్రం ఏ కన్వర్టర్‌తోనూ తియ్యకండి. చేత్తో టైపు చెయ్యండి. ఒకరు అచ్చు పుస్తకం పట్టుకుని పైకి చదవాలి, ఇంకొకరు తెర చూస్తూ సరిచూడాలి, చుక్కల్ని కూడా "పాయింట్" అని పలకాలి. నాలుగేళ్ల పుస్తకం కాబట్టి ఆ సిఫార్సులు ఇప్పుడూ సరైనవేనా అని లాం ఫారం శాస్త్రవేత్తల్నో మీ మండల వ్యవసాయాధికారినో ఒక్కసారి అడిగితే ఇంకా మంచిది. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మన మిర్చిని ఎలా ఊడ్చేసిందో మీకు చెప్పక్కర్లేదు. మీ పుస్తకంలో దాని గురించి ఎంత ఉందో, అసలు ఉందో లేదో చూసుకోండి.

ధరలు, దిగుబడుల లాంటి మిగతా పట్టికలు యూనికోడ్ పేజీల్లో ఉంటే ఎక్సెల్ సాయం తీసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ 365లో డేటా మెనూ నుంచి పీడీఎఫ్‌ని తెరిస్తే పట్టికల్ని గడుల్లో పోసి ఇస్తుంది. అక్కణ్నుంచి స్లైడ్లోకి. గ్రాఫులైతే అంకెలు చూసి పవర్‌పాయింట్‌లోనే కొత్తగా గీసుకోండి, పది నిమిషాల పని. ఫొటోలు స్క్రీన్‌షాట్ తీసేటట్టయితే ముందు పేజీని 300, 400 శాతం పెద్దది చేసి తియ్యండి. మామూలు సైజులో తీస్తే తెర మీద తామర పురుగు కాదు కదా, మిరప కాయ కూడా పోల్చుకోలేరు.

ఇంతా చేసి చేతికొచ్చేది అక్షరాలు, బొమ్మలు. స్లైడ్లు ఇంకా రాలేదు. మీ సార్‌తో మీకు మాటపట్టింపు రాబోయేది ఇక్కడే, అందుకని ఒక లెక్క ఇస్తాను, ఆయనకు చూపించండి. ఏ4 కాగితం నిలువు 297 మిల్లీమీటర్లు, అడ్డం 210. పవర్‌పాయింట్ స్లైడు ఇప్పుడు 16:9, అంటే అడ్డం 13.33 అంగుళాలు, నిలువు 7.5. నిలువు పేజీ మొత్తం అందులో పట్టాలంటే 64 శాతానికి కుదించాలి. పుస్తకంలో 12 పాయింట్లున్న అక్షరం 8 పాయింట్ల లోపుకు వస్తుంది. పైగా స్లైడు వెడల్పులో నలభై శాతమే వాడుకుంటాం, రెండు పక్కలా ఖాళీ. ఊళ్లో మీటింగ్ అంటే కమ్యూనిటీ హాలో, షామియానానో. వెనక వరస పెద్దాయనకు కనబడాలంటే 28 పాయింట్లకు తగ్గకూడదని నేను పట్టుబడతాను, 24 అయితే మరీ బతిమాలితే ఒప్పుకుంటాను. కాబట్టి 38 పేజీలు 38 స్లైడ్లవడం ఏ సాఫ్ట్‌వేర్‌కీ కుదరదు. ఒకవేళ చేసినా పేజీ కనబడుతుంది, చదవడం అవదు.

మీ సార్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది: "ఈ 38 పేజీల్లో గురువారం రైతు తప్పక వినాల్సినవి ఏవండీ?" ఆయన ఏడో ఎనిమిదో చెబుతారు. నారు, విత్తన శుద్ధి, తామర, నల్లి, ఎండు తెగులు, కోత, ఆరబెట్టడం, ఇలా. ఒక్కోదానికి రెండు స్లైడ్లు, అందులో ఒకటి నిండా ఫొటో. పదిహేనుతో సరిపోతుంది. మోతాదుల పట్టిక తెర మీద వెయ్యకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అది జిరాక్స్ తీసి చేతికివ్వండి, ఇంట్లో గోడకు అంటించుకుంటారు.

విషయాలు తేలాక స్లైడ్లు ఒక్కొక్కటీ కొట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. వర్డ్‌లో వరసగా రాసుకోండి. స్లైడు పేరు కావాల్సిన వరసకు హెడింగ్ 1, కింద రావాల్సిన పాయింట్లకు హెడింగ్ 2 ఇవ్వండి. సేవ్ చేసి వర్డ్ మూసెయ్యండి. పవర్‌పాయింట్‌లో న్యూ స్లైడ్ అన్న బటన్ కింది బాణం నొక్కితే చివర్లో స్లైడ్స్ ఫ్రమ్ అవుట్‌లైన్ అని ఉంటుంది. అందులో ఆ వర్డ్ ఫైలు చూపిస్తే హెడింగ్ 1 ఉన్న ప్రతిచోటా కొత్త స్లైడు తెగుతుంది. హెడింగ్ ఇవ్వని మామూలు వరసలు రావు, అది గుర్తుంచుకోండి, లేకపోతే సగం పోయిందని కంగారుపడతారు. ఇలా వచ్చిన స్లైడ్లలో అక్షరాలు సరైన డబ్బాల్లో ఉంటాయి. రేపు రంగో ఫాంటో మార్చాలంటే స్లైడ్ మాస్టర్‌లో ఒకచోట మారిస్తే అన్నిటికీ మారుతుంది. సైట్లు ఇచ్చిన ముప్ఫై డబ్బాల స్లైడులో ఈ సుఖం లేదు.

డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ అడిగారు. అక్రోబాట్ ప్రోలో పీడీఎఫ్‌ని పవర్‌పాయింట్‌లోకి పంపే వసతి ఉంది. పవర్‌పాయింట్‌లో పుట్టి పీడీఎఫ్ అయిన ఇంగ్లిష్ స్లైడ్లయితే అది చాలావరకు తిరిగి నిలబెడుతుంది. అనూ తెలుగు పుస్తకానికి దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్ డ్రా కూడా పీడీఎఫ్ తెరుస్తుంది, ఒక మాటో తేదీయో దిద్దుకోవడానికి పనికొస్తుంది. పీడీఎఫ్ అడ్డంగా, స్లైడు ఆకారంలోనే ఉండి మార్పులేమీ అక్కర్లేకపోతే అసలు మార్చనే వద్దు. రీడర్‌లో తెరిచి కంట్రోల్, ఎల్ కలిపి నొక్కండి, తెర నిండా వస్తుంది, బాణం గుర్తులతో పేజీలు తిప్పుకోవచ్చు.

ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నాను. మీ పుస్తకం బహిరంగంగా పంచినదే కాబట్టి ఏదో సైట్లో వేశారు, పోనీలే. సభ్యుల జాబితా, ఆధార్, బ్యాంకు ఖాతాలు ఉన్న పీడీఎఫ్‌ని మాత్రం ఎప్పుడూ అలా వెయ్యకండి. మార్చి ఇచ్చాక వాళ్లు తమ దగ్గర ఉంచుకుంటారో తుడిచేస్తారో మన చేతుల్లో ఉండదు. రైతులు నమ్మి ఇచ్చిన కాగితాలవి.

స్లైడ్లు అయ్యాక బుధవారం ఒక్కసారి వేరే ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడండి. మీరు మండలి, రామభద్ర లాంటి ఫాంట్ వాడి, ఆ ఊళ్లో ఇచ్చే కంప్యూటర్లో అది లేకపోతే అక్షరాలు మారిపోయి, వరసలు తెర దాటిపోతాయి. పవర్‌పాయింట్ ఆప్షన్స్‌లో సేవ్ అన్నచోట ఫాంట్లు ఫైల్లోనే కలిపే గుర్తు ఉంటుంది, అది పెట్టండి. అప్పటికీ నమ్మకం లేకపోతే అదే స్లైడ్లను పీడీఎఫ్‌గా ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి, ఏ కంప్యూటర్లోనైనా చెక్కుచెదరకుండా వస్తుంది. అదైతే నిజంగానే ఒక్క క్లిక్కు పని, మీ సార్ చేత చేయించండి.